పాత ఫొనోగ్రాఫుల అలంకారము – అందులోని సాక్ష్యము

ఒక బల్లమీద రెండు పాత ఫొనోగ్రాఫులు ప్రక్కప్రక్కనే ఉన్నవనుకొందము. రెండును అమెరికాలో ఎడిసన్ కంపెనీవారు ‘స్టాండర్డు’ అను పేరుతో అమ్మినవే. రెంటికిని ఓకు కొయ్యతో చేసిన పెట్టె, పైన నల్లని ఇనుప యంత్రము, ప్రక్కను తిప్పుడు పిడి కలవు. మొదటిదాని పెట్టెమీద రిబ్బనువలె వంపులు తిరిగిన పట్టీలో యంత్రము పేరు బంగారు రంగున మెరయుచున్నది. రెండవదానిమీద ‘ఎడిసన్’ అను ఒక్క పేరే చేతివ్రాతవలె కలదు. అదియు సగము చెరిగిపోయినది. వీనిలో ఏది పాతది?

చూచినవారిలో పెక్కుమంది చెరిగినదానినే పాతదందురు. కాని ఎడిసన్ పెట్టెలమీద పట్టీ బొమ్మ ముందు వచ్చినది. చేతివ్రాత బొమ్మ తరువాత వచ్చినది. కావున మెరయుచున్న యంత్రమే వయస్సున పెద్దది కావచ్చును. లేదా, ఆ పట్టీ ఇటీవల ఎవరో క్రొత్తగా అంటించినదియు కావచ్చును. ఈ రెంటిలో ఏది నిజమో ఎట్లు తేల్చవలెను?

పాత ఫొనోగ్రాఫులను సేకరించువారు ఒక యంత్రముమీది గీతను మరియొక యంత్రముమీది గీతతోను, ఒక బాకా రంగును మరియొక బాకా రంగుతోను పోల్చుచు గంటలకొలది గడుపుదురు. పైకి ఇది తీరికగలవారి కాలక్షేపమువలె కనబడును. కాని వారు చేయు పని నిజమునకు శాస్త్రజ్ఞుడు చేయు పనియే. భూగర్భశాస్త్రజ్ఞుడు రాతి పొరలను చదువునట్లే వారు రంగు పొరలను చదువుదురు. అలంకారము అందముకొరకు పుట్టినది; నేడు అది సాక్ష్యముగా పనికివచ్చుచున్నది. ఆ సాక్ష్యమును చదువు పద్ధతి ఎట్టిదో, దానిని తెలియక చెరిపినచో కలుగు నష్టమెట్టిదో ఈ వ్యాసమున తెలిసికొందము.

యంత్రము, దాని కాలము

థామస్ ఆల్వా ఎడిసన్ 1877లో మొదటి ఫొనోగ్రాఫును తయారుచేసెను. దానిలో ఇత్తడి సిలిండరుమీద పలుచని తగరపు రేకు చుట్టెడివారు. మాట్లాడునపుడు ఒక పలుచని పొర కంపించును. ఆ పొరకు తగిలించిన మొన రేకుమీద నొక్కులు చేయును. అదే దారిలో మొనను మరల నడిపినచో పొర మరల కంపించి మాట వినబడును. కాని తగరపు రేకు కొద్దిమార్లకే చెడిపోయెడిది. చిచెస్టర్ బెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్ అనువారు మైనము పూసిన అట్ట గొట్టమును వాడి 1886లో పేటెంటు పొందిరి. 1888లో ఎడిసన్ మైనపు సిలిండరుతో పనిచేయు మెరుగైన యంత్రమును వెలువరించెను.

ఈ సిలిండర్లపై మొన మీదికి, క్రిందికి కదలుచు గాడిని లోతుగాను, పైపైనను కోయును. తరువాతికాలమున మన ఇండ్లలో ప్రసిద్ధమైన గ్రామఫోను బిళ్లలో మొన కుడి యెడమలకు కదలును. ఇదియే రెంటికిని గల ముఖ్యభేదము. సాధారణపు సిలిండరు పొడవు నాలుగంగుళములకు కొంచెము పైగా ఉండును. అంగుళమునకు 100 గాడులు ఉండును. అది నిమిషమునకు 160 మార్లు తిరుగును. నాలుగంగుళములకు 400 గాడులు కదా! 400ను 160తో భాగించినచో రెండున్నర నిమిషములు వచ్చును. రెండు కొనలయందును కొంతచోటు విడువవలెను గనుక పాట రెండు నిమిషములకు కొంచెము పైగా సాగెడిది. 1908లో ఎడిసన్ కంపెనీ అంగుళమునకు 200 గాడులు గల సిలిండర్లను ప్రవేశపెట్టగా పాట నాలుగు నిమిషములయ్యెను. ఈ సంవత్సరమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని యున్నది. 1929లో ఎడిసన్ కంపెనీ సిలిండర్ల తయారీని మానివేసెను.

ఫొనోగ్రాఫు మన దేశమునకును వచ్చినది. కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ ఇరువదవ శతాబ్దపు మొదటి దశకమున సిలిండర్లపై పాటలను ముద్రించి అమ్మెను. రవీంద్రనాథ ఠాకూరు కంఠమును కూడ ఆయన సిలిండర్లకు ఎక్కించెను.

అలంకారము ఏల వచ్చినది?

మొదట ఫొనోగ్రాఫును కార్యాలయములలో జాబులు చెప్పి వ్రాయించుటకు వాడవలెనని తలచిరి. అట్టి యంత్రమునకు పూలు, గీతలు అక్కరలేదు. కాని జనులు దానిని పాటలకొరకే కోరిరి. బ్యాటరీకి బదులు స్ప్రింగుతో నడచు యంత్రములు రాగానే అది ఇంటిలో ప్రవేశించినది. ఎడిసన్ 1896లో నేషనల్ ఫొనోగ్రాఫు కంపెనీని స్థాపించెను. ఆ సంవత్సరమే ‘హోమ్’ అను యంత్రము 40 డాలర్ల ధరకు వచ్చినది. 1898లో ‘స్టాండర్డు’ 20 డాలర్లకును, 1899లో ‘జెమ్’ ఏడున్నర డాలర్లకును వచ్చినవి. పోటీదారులైన కొలంబియా కంపెనీవారు 1897లోనే ‘ఈగిల్’ అను యంత్రమును 10 డాలర్లకు అమ్మిరి. అమెరికాలో పది డాలర్ల బంగారు నాణెమునకు ‘ఈగిల్’ అని పేరు. ధరయే యంత్రమునకు పేరయ్యెను!

ఇంటి ముందుగదిలో అతిథులు కూర్చుండుచోట పెట్టవలసిన వస్తువు ఉత్త ఇనుప ముద్దవలె ఉన్నచో ఎవరు కొందురు? కుట్టుమిషను తయారుచేయువారు ఈ పాఠమును ముందే నేర్చియుండిరి. నల్లని ఇనుముమీద బంగారు పూలు, తీగెలు వేసి వారు యంత్రమును గృహాలంకారముగా మార్చిరి. ఫొనోగ్రాఫువారును ఆ త్రోవనే పట్టిరి. ధరనుబట్టి అలంకారమును మారెను. జెమ్ వంటి చవుక యంత్రమునకు నల్లని పూత, కొద్దిపాటి గీతలు, చిన్న రేకు బాకా చాలును. ఖరీదైన వానికి మేలైన కొయ్య, ఎక్కువ మెరుగు, ఎక్కువ మలాము కావలెను.

అలంకారమును ఎట్లు చేసిరి?

పోల్చుటకు ముందు చేసిన విధానము తెలియవలెను. ఎడిసన్ యంత్రముమీద సామాన్యముగా నాలుగు విధములైన పనితనము కనబడును.

మొదటిది నల్లని పూత. దీనిని జపాను పూత అందురు. తారువంటి అస్ఫాల్టును, అవిసె నూనెను, టర్పెంటైనును కలిపి పోత ఇనుముమీద పూసి, కొలిమి గదిలో కాల్చుదురు. అది గాజువలె గట్టిపడి మెరయును.

రెండవది బంగారు గీత. ఆ పూతమీద అంచులవెంబడి సన్నని గీతలు గీయుదురు. పొడవైన వెండ్రుకలు గల సన్నని కుంచెతో పనివారు వీనిని చేతితోనే గీసిరి. కావుననే రెండు యంత్రములలో మూలలయొద్ద వంపు అచ్చముగా ఒక్కటే ఉండదు.

మూడవది అంటింపు చిత్రము. బొమ్మను మొదట బంక పూసిన కాగితముమీద, అద్దములో కనబడునట్లు, కుడి యెడమలు మార్చి అచ్చువేయుదురు. పైకి కనబడవలసిన రంగు మొదట పడును. అడుగున ఉండవలసినది చివర పడును. దానిని వార్నీషుతో వస్తువునకు అంటించి, కాగితమును నీటితో తడిపినచో బంక కరగి కాగితము ఊడివచ్చును. బొమ్మ వస్తువుమీద నిలుచును. దానిమీద రక్షణకొరకు మరల పలుచగా వార్నీషు పూయుదురు. మనము మొదట చెప్పిన పట్టీ బొమ్మయు, చేతివ్రాత బొమ్మయు ఇట్టివే.

నాలుగవది కొయ్యమీది మెరుగు. ఆ కాలమున కొయ్య సామానులకు లక్క పాలిష్ విరివిగా వాడెడివారు. ఇచట మనకును ఈ కథతో ఒక సంబంధము కలదు. లక్క ఒక పురుగు చెట్టు కొమ్మలమీద స్రవించు పదార్థము. ప్రపంచమునకు లక్కను పంపిన దేశములలో భారతదేశము ముఖ్యమైనది; ఛోటానాగపూరు అడవులు దీనికి ప్రసిద్ధములు. మన ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చునదియు ఈ లక్కయే. లక్క నీటికి కరగదు గాని స్పిరిటుకు కరగును. ఈ గుణమువలన కలుగు ప్రమాదమును ముందు చూతము.

ఇవిగాక సౌండు బాక్సు, పిడి మొదలగు భాగములకు నికెలు మలాము ఉండును. బాకా సంగతి వేరు. మొదట స్టాండర్డు యంత్రముతో 14 అంగుళముల నల్లని రేకు బాకా వచ్చెడిది. దాని నోరు మాత్రము ఇత్తడిది. 1907నుండి కంపెనీవారే రేకులు విచ్చిన పూవువంటి పెద్ద బాకాలను ఇచ్చిరి. తరువాత హంస మెడవలె పైకి వంగిన బాకాలు వచ్చినవి.

మూడు విధములైన భేదములు

ఒక తరగతిలోని విద్యార్థులను చూడుడు. ఆరవ తరగతివానికిని పదవ తరగతివానికిని ఎత్తులో భేదము ఉండును. ఇది వయస్సువలన వచ్చినది. ఒకే తరగతిలోని ఇద్దరికి చేతివ్రాతలో భేదము ఉండును. ఇది వ్యక్తివలన వచ్చినది. ఒకనికి నుదుట గాయపు మచ్చ ఉండును. ఇది తరువాత జరిగిన సంఘటనవలన వచ్చినది. ఈ మూటిని కలగాపులగము చేసినచో ఏమియు తెలియదు.

ఫొనోగ్రాఫుల భేదములును ఇట్లే మూడు విధములు. కర్మాగారము తన నమూనాను మార్చుకొనుటవలన వచ్చినవి మొదటి విధము. పట్టీ బొమ్మ పోయి చేతివ్రాత బొమ్మ వచ్చుట ఇట్టిది. ఒకే కాలమున వేర్వేరు పనివారి చేతులలో వచ్చినవి రెండవ విధము. మూలయొద్ద గీత కొంచెము గుండ్రముగానో, కొంచెము కోణముగానో ఉండుట ఇట్టిది. అమ్మకము తరువాత వర్తకుడో, యజమానియో, మరమ్మతుదారుడో చేసినవి మూడవ విధము.

ఒక్క యంత్రమును చూచి ఈ మూటిని వేరుచేయుట అసాధ్యము. పది యంత్రములను చూచినచో కొంత తెలియును. నూరింటిని చూచినచో మిక్కిలి తెలియును. ఒక భేదము వరుసగా ఒక సంఖ్య దాటిన యంత్రములన్నిటిలోను కనబడినచో అది కర్మాగారపు మార్పు. అన్ని సంఖ్యలయందును చెదరుమదరుగా కనబడినచో అది పనివారి చేతి తేడా. ఎచటనో ఒక్కదానిలో మాత్రమే కనబడినచో అది తరువాతి మార్పు అని అనుమానింపవలెను. సేకరించువారు కూడి తమ యంత్రములను పోల్చుకొనుటకు ఇదియే కారణము. బ్రిటనులో ఇట్టివారి సంఘమొకటి 1919లోనే లండనులో ఏర్పడినది. జార్జి ఫ్రౌ, ఆల్బర్టు సెఫ్ల్ అనువారు ఎడిసన్ సిలిండరు యంత్రములన్నిటిని వరుసలో పెట్టి వివరించుచు 1978లో ఒక గ్రంథమును ప్రకటించిరి.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. మూడవ విధమైన భేదములన్నియు మోసములు కావు. బాకానే చూడుడు. కంపెనీ ఇచ్చిన చిన్న బాకాతో తృప్తిపడక, కొన్నవారు ఆనాడే దుకాణములో వేరొక పెద్ద బాకాను కొనెడివారు. అమెరికాలో హాథార్ను అండ్ షెబుల్, టీ ట్రే కంపెనీ వంటి వేరు సంస్థలు ఎరుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో బాకాలను తయారుచేసి అమ్మినవి. కొన్నిటిలోపల పూలుకూడ చిత్రించిరి. కావున ఎడిసన్ యంత్రముమీద ఎడిసన్ బాకా లేకపోవుట తప్పు కాదు. అది ఆనాటి యజమాని అభిరుచికి గుర్తు కావచ్చును.

పొరల న్యాయము

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మెరయుచున్న ఆ పట్టీ అసలుదా, క్రొత్తదా?

భూగర్భశాస్త్రములో ఒక మూలసూత్రము కలదు: పొరలు తారుమారు కానిచోట అడుగు పొర ముందు ఏర్పడినది, పై పొర తరువాత ఏర్పడినది. ఆ సూత్రమునే ఇచట వర్తింపజేయవలెను. పాత వార్నీషు ఏండ్లు గడచినకొలది ఎండి, ముడుచుకొని, ఎండిన చెరువు మట్టివలె సన్నగా పగులును. భూతద్దముతో చూడుడు. ఆ పగుళ్లు పట్టీ బొమ్మగుండ కూడ సాగిపోయినచో, వార్నీషు పగులుటకు ముందే బొమ్మ అచట ఉన్నదన్నమాట. పగుళ్లు బొమ్మ అంచువరకు వచ్చి దాని క్రిందికి దూరిపోయి, బొమ్మ మాత్రము నున్నగా ఉన్నచో, అది పగిలిన వార్నీషుమీద తరువాత అంటించినది.

రెండవది అరుగుదల న్యాయము. చేయి తగులుచోట అరుగును, తగులనిచోట నిలుచును. పిడి దగ్గర, మూత ఎత్తుచోట, పెట్టెను పట్టుకొనుచోట పూత అరిగి, పెట్టె వెనుకభాగమున నిండుగా ఉన్నచో అది సహజము. అంతట ఒకే విధముగా మసకగా ఉన్నచో ఎవరో గరుకు కాగితముతో రుద్దిరని అనుమానింపవలెను. కొయ్య అంతయు వెలసిపోయి బొమ్మ ఒక్కటి క్రొత్తగా ఉన్నను, బొమ్మ అంతయు చెరిగి చుట్టునున్న కొయ్య క్రొత్తగా ఉన్నను అనుమానమే. ఒకే ఎండను, ఒకే దుమ్మును, ఒకే చేతులను ఎదుర్కొన్న వస్తువుమీది భాగములన్నియు ఒకే కథను చెప్పవలెను.

మూడవది తేదీల న్యాయము. ఎడిసన్ యంత్రములమీద లోహపు పలక ఉండును. దానిమీద యంత్రపు వరుస సంఖ్యయు, పేటెంటుల తేదీలును చెక్కబడి యుండును. పునాది రాళ్లక్రింద 1903 నాటి నాణెము దొరికినచో ఆ గోడ 1903కు ముందు కట్టినది కాదు కదా! అట్లే పలకమీద 1903 నాటి పేటెంటు పేర్కొనబడినచో ఆ పలక 1903కు ముందుది కాజాలదు. కంపెనీ పేరును సాక్షియే. 1911లో నేషనల్ ఫొనోగ్రాఫు కంపెనీ పేరు మారి ‘థామస్ ఎ. ఎడిసన్ ఇన్‌కార్పొరేటెడ్’ అయినది. క్రొత్త పేరు గల పలక 1911కు ముందుది కాదు. కాని పలకను ఊడదీసి మరియొక యంత్రమునకు బిగింపవచ్చును. కావున ఏ ఒక్క సాక్షినో నమ్మరాదు. ఒకరితో ఒకరికి సంబంధము లేని సాక్షులు ఒకే మాట చెప్పినపుడే నమ్మవలెను.

ఒక ఉదాహరణము చూతము. ఒక స్టాండర్డు పెట్టెమీద పట్టీ బొమ్మ ఉన్నది. పగుళ్లు దానిగుండ సాగినవి. కాని లోపలి యంత్రమునకు నాలుగు నిమిషముల సిలిండర్లను నడుపు పళ్లచక్రములు ఉన్నవి. నాలుగు నిమిషముల సిలిండర్లు 1908లో వచ్చినవని చెప్పితిమి. పట్టీ బొమ్మ అంతకు ముందుది. ఇది రెండు యంత్రముల భాగములను కలిపి కుట్టిన బొంత యని తొందరపడి తీర్పు చెప్పవచ్చునా? చెప్పరాదు. పాత యంత్రముల యజమానులు క్రొత్త సిలిండర్లను వాడుకొనుటకై 1908నుండి కంపెనీయే ప్రత్యేకముగా అమర్చుకొను పరికరములను అమ్మినది. కావున ఈ యంత్రము పాతదియే. దాని యజమాని 1908 తరువాత ఇంకొంత సొమ్ము పెట్టి దానిని మెరుగుపరచుకొన్నాడని చెప్పవచ్చును. విరుద్ధముగా కనబడిన సాక్ష్యము ఒక కుటుంబపు చరిత్రగా మారినది!

రసాయనము పలుకు సాక్ష్యము

కంటికి కనబడని సంగతులను రసాయనశాస్త్రము చెప్పును. మెరయు పిడిని చూడుడు. నికెలు మెరుపులో కొంచెము పసుపు ఛాయ ఉండును. క్రోమియము మెరుపులో నీలి ఛాయ ఉండును. క్రోమియము మలాము వ్యాపార సరళిలో 1920 దశకపు నడిమి భాగమునుండియే వాడుకలోనికి వచ్చినది. కావున 1903 నాటి యంత్రమునకు క్రోమియము పిడి ఉన్నచో అది తరువాత చేయించినదే.

బంగారు రంగులోను రెండు రకములు కలవు. నిజమైన బంగారు రేకు ఎన్నటికిని నల్లబడదు. రాగి, తుత్తునాగము కలిసిన పొడితో చేసిన రంగు గాలి, తేమ, వార్నీషులోని ఆమ్లములు సోకి కాలక్రమమున గోధుమవన్నెకో, పచ్చని ఛాయకో తిరుగును. నూరేండ్లనాటిదని చెప్పబడు గీత పొడి రంగుతో వేసినదై యుండియు, నిన్న వేసినట్లు తళతళలాడినచో దానిని ప్రశ్నింపవలెను.

అతినీలలోహిత కిరణముల దీపమును చీకటి గదిలో వెలిగించి చూచినచో సహజమైన లక్క సాధారణముగా నారింజవన్నె కాంతిని ఇచ్చును. నేటి కృత్రిమ వార్నీషులు అట్లు ఇయ్యవు. పెట్టె అంతయు నారింజవన్నెగా కనబడి, బొమ్మచుట్టు ఒక చదరపు భాగము మాత్రము నల్లగా కనబడినచో, అచట ఎవరో చేయిచేసికొనిరని తెలియును. అట్లే తెలుపు రంగులో టైటానియము ఉన్నదని పరీక్షలో తేలినచో అది ఆ కాలపు రంగు కాదు; ఏలయన టైటానియము తెలుపు మొదటి ప్రపంచయుద్ధపు కాలమునకు గాని వ్యాపారములోనికి రాలేదు. నేటి యంత్రముతో అచ్చువేసిన బొమ్మను భూతద్దముతో చూచినచో రంగురంగుల సన్నని చుక్కలు కనబడును. పాత శిలాముద్రణములో రంగులు వేర్వేరుగా, నిండుగా పడియుండును.

పోతపోసిన అలంకారము

అలంకారము రంగులోనే కాదు, ఆకారములోను ఉండవచ్చును. జర్మనీలో ఇరువదవ శతాబ్దపు మొదటి ఏండ్లలో ‘పుక్’ అను పేరుగల మిక్కిలి చవుక ఫొనోగ్రాఫులు విరివిగా తయారైనవి. వీనికి కొయ్య పెట్టె లేదు. వీణవంటి ‘లైర్’ అను వాద్యపు ఆకారమున పోతపోసిన ఇనుప పీఠమే వీని శరీరము. కొన్నిటి పీఠముమీద మత్స్యకన్య రూపమును పోతపోసిరి. పెక్కు కర్మాగారములు వీనిని తయారుచేసినందున, పలుమార్లు పేరైనను లేనందున, పీఠపు ఆకారమే వీనిని గుర్తించుటకు ముఖ్యమైన ఆధారము.

ఇట్టి పీఠమును ఒకడు నకలుచేసినచో ఎట్లు కనిపెట్టవలెను? ఇచట భౌతికశాస్త్రము తోడ్పడును. కరగిన ఇనుము చల్లారినపుడు సుమారు నూటికి ఒక వంతు సంకోచించును. అందుచేత మూసలకై కొయ్య నమూనాలను చేయు పనివారు కొంచెము పెద్దదియగు ప్రత్యేకపు కొలబద్దను వాడుదురు. నకలుచేయువాడు అసలు పీఠమునే నమూనాగా ఇసుకలో అదిమి పోతపోసినచో, క్రొత్త పోత చల్లారి అసలుదానికంటె చిన్నదగును. అసలు పీఠము పొడవు 200 మిల్లీమీటర్లయినచో నకలు సుమారు 198 మిల్లీమీటర్లు ఉండును. మత్స్యకన్య పొలుసుల వంటి సన్నని వివరములును మొద్దుబారును. ఒక సామాన్యమైన కొలబద్ద ఇంతటి రహస్యమును బయటపెట్టగలదు!

ఒక్క గుడ్డపేలికతో పోవునది

ఇంతవరకు చెప్పిన సాక్ష్యము అంతయు మిక్కిలి పలుచని పొరలలో ఉన్నది. ఇదియే ఇందులోని ప్రమాదము.

పాత యంత్రము చేతికి రాగానే దానిని తుడిచి మెరయించవలెనని ఎవరికైనను బుద్ధిపుట్టును. స్పిరిటుతో తడిపిన గుడ్డతో రుద్దినచో లక్క కరగును. లక్కతోబాటు బొమ్మయు గుడ్డకు అంటుకొని వచ్చును. ఒక్క నిమిషములో నూరేండ్ల సాక్ష్యము పేలికమీద మరకయై మిగులును. ఇత్తడి పాలిషుతో రుద్దినచో పలుచని నికెలు మలాము పోయి లోని లోహము బయటపడును. ఆ పిమ్మట క్రొత్త బొమ్మను అంటింపవచ్చును. నేడు అట్టి నకలు బొమ్మలు అమ్మకమునకు దొరకును. యంత్రము అందముగానే ఉండును. కాని దానిని చూచి ఇక ఎవరును ఏమియు నేర్వలేరు. అంతకంటె కీడు, దానిని అసలైనదిగా భావించి వేరొకరు పోల్చిచూచినచో వారి లెక్కయు తప్పును.

ఈ విషయమున సేకరించువారిలో రెండు పక్షములు కలవు. యంత్రము దుకాణములో మొదటినాడు ఎట్లుండెనో అట్లే కనబడవలెనని ఒక పక్షము వాదించును. ఉన్నదానిని ఉన్నట్లే కాపాడవలెనని రెండవ పక్షము వాదించును. మొదటి వాదములోను న్యాయము లేకపోలేదు. తుప్పుపట్టి, పెచ్చులూడి, పెట్టె శిథిలమైన యంత్రమును మరల పలికించుట మంచిపనియే. తుప్పును అట్లే విడిచినచో అది మిగిలినదానినికూడ తినివేయును. కాని మొదటి రంగు కొంచెమైనను మిగిలియున్నచోట దానిని గీకి క్రొత్తది వేయుట చదువదగిన తాళపత్రమును తుడిచి క్రొత్తగా వ్రాయుటవంటిది. వస్తుప్రదర్శనశాలలలో పాటించు సూత్రము మూడు మాటలలో చెప్పవచ్చును: ముందు ఛాయాచిత్రము తీయుడు, చేసినదెల్ల వ్రాసిపెట్టుడు, మరల తీసివేయుటకు వీలుకాని పని చేయకుడు. దుమ్మును మెత్తని పొడి కుంచెతో తుడుచుట ఎల్లపుడు క్షేమకరము.

పాఠశాలలో చేయదగిన పరిశీలన

మన విద్యార్థులకు ఫొనోగ్రాఫు దొరకుట కష్టము. కాని ఈ పద్ధతిని నేర్చుకొనుటకు అది అక్కరలేదు. మన ఇండ్లలో సింగర్, ఉషా మొదలగు పాత కుట్టుమిషనులు ఇప్పటికిని కలవు. వీనిమీదను నల్లని పూత, బంగారు బొమ్మలు, పేరుగల పలక, వరుస సంఖ్య ఉండును. ఉపాధ్యాయులు పది మిషనుల వివరములను పదిమంది విద్యార్థులచేత వ్రాయింపవచ్చును. బొమ్మ ఆకారము, రంగు, అరిగినచోటు, అరుగనిచోటు, సంఖ్య – ఇవి ఒక పట్టికలో చేర్చవలెను. సంఖ్యలనుబట్టి వరుసలో పెట్టినచో ఏ బొమ్మ ముందో, ఏది తరువాతనో కొంత తెలియవచ్చును. అవ్వ కుట్టిన మిషనుకు బట్ట జారుచోట, అరచేయి ఆనుచోట బంగారు తీగె అరిగియుండును. దానిని చూచి, ఆమె ఏవైపున చేయి ఆనించి కుట్టెడిదో చెప్పవచ్చును. ఇంటికి పోయి అవ్వనే అడిగి సరిచూచుకొనవచ్చును! ఊహించుట, పోల్చుట, సరిచూచుట – శాస్త్రపద్ధతి యనగా ఇదియే.

ఇట్లు చూచినచో మొదట మనము చూచిన రెండు యంత్రములలో ఏది పాతదో భూతద్దమును చేతపట్టిన విద్యార్థి చెప్పగలడు. పట్టీగుండ పగుళ్లు సాగినవా? పట్టీ మెరుపునకు, పెట్టె అరుగుదలకు పొత్తు కుదిరినదా? పలకమీది తేదీలు దానికి అనుకూలముగా ఉన్నవా? ఈ మూటికిని అవునని సమాధానము వచ్చినచో మెరయునదే పెద్దది. ఒక్కటి కాదన్నను తీర్పును ఆపి, ఇంకొక సాక్షిని వెదకవలెను.

ఎడిసన్ పేరు లోకమంతటికి తెలియును. ఆ నల్లని ఇనుముమీద కుంచె పట్టి, ఊపిరి బిగబట్టి బంగారు గీతను మూలయొద్ద త్రిప్పిన పనివారి పేర్లను ఆ యంత్రములు చెప్పవు. వారు మనకు విడిచినది ఆ వంపు ఒక్కటియే. దానిని చెరుపకుండుటయే మనము వారికి చేయగల మర్యాద.